విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ విద్యార్థి సేవలను దివ్యాంగులకు అందుబాటులోకి తేవడంపై తీర్మానం

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలం శ్రీముఖలింగంలో సమావేశమైన దివ్యాంగ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, అధ్యాపకుల సభ ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం

సభ గుర్తిస్తున్నది: ప్రవేశం, ఫీజు, పరీక్ష దరఖాస్తు, హాల్‌టికెట్, ఫలితాలు, రీవాల్యుయేషన్, ప్రొవిజినల్ సర్టిఫికెట్ వంటి పనుల్లో ఎక్కువ భాగం నేడు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 2022లో విజయనగరంలో ఏర్పడిన జేఎన్‌టీయూ గురజాడ ఈ ప్రాంత విద్యార్థులకు డిగ్రీలిచ్చే సంస్థలు. అనుబంధ కళాశాలలో చదివే విద్యార్థి మూడేళ్లలో ఒక్కసారైనా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అడుగు పెట్టకపోవచ్చు. అతనికి విశ్వవిద్యాలయమంటే దాని ఆన్‌లైన్ పోర్టలే.

సభ స్వాగతిస్తున్నది: పనులు ఆన్‌లైన్‌లోకి మారడాన్ని సభ మేలైన మార్పుగానే చూస్తున్నది. శ్రీముఖలింగం నుంచి ఎచ్చెర్ల వెళ్లాలంటే నరసన్నపేట మీదుగా శ్రీకాకుళం చేరి, అక్కడి నుంచి మళ్లీ బస్సెక్కాలి. ఒక సంతకం కోసమో, ఒక చలానా కోసమో చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థిని తండ్రి ఎత్తుకుని బస్సు మెట్లెక్కించిన రోజులు సభలో ఉన్న పెద్దలకు తెలుసు. ఆ ప్రయాణం తప్పించే శక్తి ఈ వ్యవస్థకు ఉంది. దీని వల్ల అందరికంటే ఎక్కువ మేలు పొందవలసినవారు దివ్యాంగులే.

సభ తీవ్ర విచారం వ్యక్తం చేస్తున్నది: మేలు పొందవలసిన వారికే తలుపు మూసుకుపోయింది. సభ దృష్టికి వచ్చిన అనుభవాల్లో ఒకదాన్ని ఇక్కడ నమోదు చేయడమైనది. చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థిని తన ల్యాప్‌టాప్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో పరీక్ష ఫీజు కట్టడానికి కూర్చుంది. హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డు తానే టైపు చేసింది. ఆపై బొమ్మలో ఉన్న అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చా వచ్చింది. దానికి శబ్ద రూపం లేదు. పక్కింటివారిని పిలిచి ఆ అక్షరాలు చదివించుకుని లోపలికి వెళ్తే, సబ్జెక్టుల ఎదుట ఉన్న చెక్‌బాక్సులకు పేర్లు లేవు. ప్రతిదానికీ 'చెక్‌బాక్స్, నాట్ చెక్డ్' అన్న మాటే వినిపించింది. ఏ గడి ఏ పేపరుదో లెక్కపెట్టుకుంటూ పోయేలోగా సమయం మించిపోయి పోర్టల్ ఆమెను బయటకు పంపేసింది. మళ్లీ క్యాప్చా. మర్నాడు ఆమె నెట్ సెంటరుకు వెళ్లింది. ఫీజుతోపాటు సెంటరు వాళ్లకు వేరే డబ్బు ఇచ్చుకుంది.

సభ గర్హిస్తున్నది: ఈ నెట్ సెంటరు దారిని 'సహాయం' అని సరిపెట్టుకునే అలవాటును. దివ్యాంగ విద్యార్థి పాస్‌వర్డు, ఆధార్ నంబరు, ఫోనుకొచ్చే ఓటీపీ, బ్యాంకు వివరాలు, చివరికి తప్పిన సబ్జెక్టుల జాబితా కూడా పరాయివాడి కంప్యూటరులో పడుతున్నాయి. తోటి విద్యార్థులెవరినీ అడగని ఈ మూల్యాన్ని దివ్యాంగులే చెల్లించాలనడం వివక్షేనని సభ అభిప్రాయం. ఒకరి తోడు లేనిదే పూర్తికాని సేవను అందుబాటులో ఉన్న సేవగా సభ ఒప్పుకోదు.

సభ గమనిస్తున్నది: ఇది చూపు లేనివారికే పరిమితమైన ఇబ్బంది కాదు. చేతులు సరిగా స్వాధీనంలో లేని విద్యార్థికి మౌసుతో తప్ప తేదీ ఎంచుకోనివ్వని క్యాలెండరు అడ్డుగోడ. రంగుల తేడా పోల్చుకోలేని వారికి తప్పు నింపిన గడి ఎర్రబడినా తెలియదు. వినికిడి లేనివారికి ఉపశీర్షికలు లేని వీడియో పాఠం అక్కరకు రాదు, ఫోను నంబరు మాత్రమే ఇచ్చే హెల్ప్‌లైన్ అసలే అక్కరకు రాదు. పరీక్ష దరఖాస్తులో తన బదులు రాసే స్క్రైబ్ కావాలని, గంటకు 20 నిమిషాల అదనపు సమయం కావాలని అడిగే గడి లేకపోతే, ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్న ఆ వెసులుబాటు కోసం విద్యార్థి ప్రతి సెమిస్టరులోనూ వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ జిరాక్సు పట్టుకుని తిరగాలి.

సభ ప్రత్యేకంగా నమోదు చేస్తున్నది: తెలుగు మాధ్యమంలో చదివినవారికి మరో అడ్డంకి ఉంది. యూనికోడ్‌లో తెలుగు లిపి 1991 నుంచీ ఉంది. అయినా ఉత్తర్వులు, నోటిఫికేషన్లు నేటికీ చాలాచోట్ల అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్‌గా పెడుతున్నారు, లేదా ముద్రించిన కాగితాన్ని స్కాన్ చేసి పెడుతున్నారు. కంటికి అది చక్కని తెలుగే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం మొదటిది అర్థం లేని ఆంగ్ల అక్షరాల వరస, రెండోది ఖాళీ పేజీ. పరీక్ష తేదీ మారిందన్న ప్రకటన అందరికీ ఒకే రోజున వెలువడినా, చూపు లేని విద్యార్థికి ఇంకొకరు చదివి చెప్పిన రోజున గానీ అందడం లేదు.

సభ గుర్తుచేస్తున్నది: ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, చట్టం విధించిన బాధ్యత. దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 అమలులోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు కేటాయించాలని ఆ చట్టం 32వ సెక్షను చెబుతుంది. ఎలక్ట్రానిక్ సమాచారమంతా అందుబాటులో ఉండాలని 42వ సెక్షను చెబుతుంది. సీటిచ్చి, ఆ సీటులో నిలబడడానికి కావలసిన దరఖాస్తును నింపనివ్వకపోతే 32వ సెక్షను కాగితానికే పరిమితమవుతుంది. రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెబుతూ, అందుబాటు ప్రమాణాలు ఐచ్ఛికమైన సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు ఉండాలని స్పష్టం చేసింది. ఆ కేసులో న్యాయస్థానం కోరిక మేరకు క్షేత్ర పరిస్థితిపై నివేదిక ఇచ్చింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమని సభ సంతోషంతో ప్రస్తావిస్తున్నది. 2025 ఏప్రిల్ 30న, కెమెరా ముందు కన్నార్పమనే డిజిటల్ కేవైసీని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు ప్రశ్నించిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని అదే న్యాయస్థానం ప్రకటించింది. ముఖ గుర్తింపుతో హాజరు తీసుకోదలచిన ప్రతి విద్యాసంస్థకూ ఈ తీర్పు వర్తించే పాఠమే.

సభ ఇంకా గమనిస్తున్నది: ఏం చేయాలో తెలియదనే సాకుకు తావు లేదు. వెబ్‌సైట్ల అందుబాటుకు ప్రపంచమంతా వాడే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల తాజా రూపం 2.2 వెలువడింది 2023లో. భారత ప్రమాణం ఐఎస్ 17802, ఉన్నత విద్యాసంస్థల కోసం యూజీసీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. బ్రిటన్‌లో 2018 నాటి నిబంధనల కింద ప్రభుత్వ రంగ సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఏది అందుబాటులో ఉందో, ఏది లేదో స్వయంగా ప్రకటించాలి.

కావున సభ తీర్మానిస్తున్నది: ఈ ప్రాంత విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థి పోర్టళ్లను, మొబైల్ యాప్‌లను, వాటికి జోడించిన చెల్లింపు పేజీలను డబ్ల్యూసీఏజీ 2.2 ఏఏ స్థాయికి తేవాలి. పరీక్ష ఫీజు, హాల్‌టికెట్, ఫలితాల పేజీలు రాబోయే సెమిస్టరు పరీక్షల నోటిఫికేషన్ కంటే ముందే సిద్ధం కావాలి. మిగిలినవి ఒక విద్యాసంవత్సరంలోపు పూర్తి కావాలి.

సభ తీర్మానిస్తున్నది: అందుబాటును సాఫ్ట్‌వేరు సరఫరాదారు ఇచ్చే ధ్రువపత్రంతో తేల్చరాదు. చూపు, వినికిడి, కదలిక, అభ్యసన సమస్యలున్న విద్యార్థులు తమ సొంత ఫోనులో, ఇంటి దగ్గర, ఎవరి తోడూ లేకుండా లాగిన్ నుంచి రసీదు వరకు పని ముగించగలిగితేనే అది నెగ్గినట్టు. పరీక్షించిన విద్యార్థులకు తగిన పారితోషికం చెల్లించాలి. టెండరు పత్రంలోనే ఈ షరతు ఉండాలి. షరతు నెరవేరనిదే చివరి బిల్లు మంజూరు చేయరాదు. తయారైపోయిన పోర్టల్‌కు తర్వాత మెరుగులు దిద్దడం ఎంత ఖరీదో, ఎంత ఆలస్యమో సభ్యులకు అనుభవమే.

సభ తీర్మానిస్తున్నది: తెలుగు ప్రకటనలన్నీ యూనికోడ్ పాఠంగానే వెలువడాలి. స్క్రీన్ రీడర్ సరైన గొంతుతో చదివేలా పేజీలోని తెలుగు భాగాన్ని తెలుగుగానే కోడులో గుర్తించాలి. బొమ్మ క్యాప్చాను తొలగించాలి. సమయం ముగిసే ముందు హెచ్చరించి, పొడిగించుకునే వీలివ్వాలి. సంతకం చేయలేనివారి నుంచి వేలిముద్రను గానీ మరో గుర్తింపును గానీ అంగీకరించాలి. సదరం సర్టిఫికెట్ లేదా దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) వివరాలు ప్రవేశ సమయంలో ఒక్కసారి తీసుకుంటే, స్క్రైబ్, అదనపు సమయం కోర్సు ముగిసేవరకు ప్రతి పరీక్షకూ వాటంతటవే నమోదు కావాలి.

సభ తిరస్కరిస్తున్నది: పేజీ మూలన అక్షరాల సైజు పెంచే మూడు బటన్లు పెట్టి, బాధ్యత తీరిందనుకోవడాన్ని. దివ్యాంగులకు వేరే వెబ్‌సైటు, వేరే కౌంటరు పెడితే చాలునన్న ప్రతిపాదనను కూడా సభ అంగీకరించలేదు. వేరుగా పెట్టినది వెనుకబడుతుంది, దానిలో సమాచారం పాతబడుతుంది. అందరూ వాడే పోర్టలే అందరికీ పనిచేయాలి.

సభ డిమాండు చేస్తున్నది: మరమ్మతు పూర్తయ్యే వరకు, పోర్టల్ అందుబాటులో లేక గడువు దాటిన దివ్యాంగ విద్యార్థుల నుంచి అపరాధ రుసుము వసూలు చేయరాదు, ఆ కారణంతో ఎవరినీ పరీక్షకు దూరం చేయరాదు. ఫిర్యాదులకు ఫోనుతోపాటు మెసేజి, ఈమెయిలు మార్గాలు ఉండాలి. బాధ్యుడైన అధికారి పేరు, హోదా ప్రకటించాలి. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో లిఖితపూర్వక సమాధానం ఇవ్వాలి. సమాధానం రాని ఫిర్యాదులను రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ముందుంచే పనిని సభ తన బాధ్యతగా స్వీకరిస్తున్నది.

సభ ఆదేశిస్తున్నది: ఈ తీర్మానం ప్రతులను మూడు విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రాష్ట్ర ఉన్నత విద్యామండలికి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు కార్యదర్శి పంపాలి. ప్రతులు యూనికోడ్ తెలుగులోనూ, బ్రెయిలీలోనూ ఉండాలి. రాబోయే పరీక్ష నోటిఫికేషన్ వెలువడిన వారంలోపు సభ తిరిగి ఇక్కడే సమావేశమై, ఏ పేజీ ఎవరికి తెరుచుకున్నదో, ఎవరికి తెరుచుకోలేదో విద్యార్థుల చేతనే చేయించి చూసి నమోదు చేస్తుంది.