గృహయంత్ర వివేకము: బండి యింజనునకు క్రొత్త కంప్యూటరు

మోటారుబండి యింజనును గూర్చిన ప్రసంగము స్త్రీల పత్రికలో నేల యని కొందరు సోదరీమణులకు శంక పొడమవచ్చును. ఆ శంకకు చరిత్రమే సమాధానము చెప్పుచున్నది. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశములో బెర్తా బెంజు అను గృహిణి తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైము వరకు మోటారుబండిపై ప్రయాణము చేసెను. త్రోవలో ఇంధనపు గొట్టము మూసికొనిపోగా తన టోపీసూదితో శుభ్రపరచెను. ఇంధనము తరుగగా వీస్‌లోహు అను నూరిలోని మందుల యంగడిలో కొనెను. మోటారుబండిపై జరిగిన తొలి దూరప్రయాణము ఒక తల్లి చేసినదే యన్నమాట. నాడు యింజనును కనిపెట్టుకొని యుండుట యంతయు నడుపువారి పనియే. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టీ బండిలో గూడ చక్రము క్రింద నున్న చిన్న మీటతో నిప్పురవ్వ వేళను నడుపువారే ముందువెనుకలు చేయవలసి యుండెను. నేడా పనిని అరచేతి వెడల్పున నుండు నొక కంప్యూటరు చేయుచున్నది. దానిని వాడుకలో ఈసీయూ అందురు.

బండితో వచ్చిన ఈసీయూను సామాన్యముగా ముట్టవలసిన యగత్యము లేదు. కాని వేగపు బండ్లయం దభిలాష గలవారు యింజనునకు టర్బో తగిలించియో, పెద్ద యింజెక్టర్లు పెట్టించియో బలము పెంచదలచినప్పుడు, వెలుపలి కంపెనీలు చేయు వేఱొక ఈసీయూను కొనుచుందురు. ఆస్ట్రేలియాలోను, అమెరికాలోను ఈ యభిరుచి మిక్కిలి వ్యాపించి యున్నది. మన తెలుగు కుటుంబముల బిడ్డలు మెల్‌బోర్ను, డల్లాసు మొదలగు నగరములలో స్థిరపడి యుండుటచేత, 'అమ్మా, బండికి క్రొత్త ఈసీయూ వేయించుచున్నాను' అను మాట విన్న తల్లులు మనలో లేకపోలేదు. తామే యట్టి బండి నడుపు కుమార్తెలును గలరు. ఈ వ్యయము స్వల్పము కాదు. ఎన్నికలో పొరపడినచో పెట్టెతో పాటు యింజనును గూడ పోగొట్టుకొనవలసి వచ్చును. కావున ఈ మాసము ఈ విషయమును విచారింతము.

మొదట ఈసీయూ చేయు పని యెట్టిదో తెలిసికొనవలెను. పొయ్యి చక్కగా మండవలెనన్న కట్టెయు గాలియు పాళముగా నుండవలెను గదా. పెట్రోలు యింజనులోను అంతే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా దహింపబడుటకు తూకములో సుమారు 14.7 పాళ్ళు గాలి కావలెను. నెమ్మదిగా పోవునప్పు డీ పాళము తగును. టర్బో గాలిని బలవంతముగా త్రోయునప్పుడు మాత్రము పెట్రోలును కొంత హెచ్చుగా నిచ్చి, 11.5 మొదలు 12.5 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలుండునట్లు చూతురు. ఆ హెచ్చు పెట్రోలు సిలిండరులోని వేడిని తగ్గించును. ఇది మొదటి పని.

రెండవ పని నిప్పురవ్వ వేళను నిర్ణయించుట. రవ్వ ఆలస్యమైనచో బలము వ్యర్థమై వేడి పొగగొట్టము పాలగును. మఱీ ముందైనచో సిలిండరులో మిగిలిన మిశ్రమము తనంత తాను ప్రేలి పిస్టనును సుత్తితో మోదినట్లు మోదును. దీనినే నాకింగు అందురు. అధిక పీడనమున నిది కొలది క్షణములు సాగినను పిస్టను పగులవచ్చును.

ఈ రెండు పనులను ఎంత త్వరగా చేయవలెనో లెక్క వేసి చూతము. యింజను నిమిషమునకు 6000 సారులు తిరుగునప్పుడు సెకనునకు నూఱు చుట్లు. రెండు చుట్లకు ఒకసారి ప్రతి సిలిండరులోను మంట పుట్టవలెను. అనగా నాలుగు సిలిండర్ల యింజనులో సెకనునకు రెండువందల సారులు పెట్రోలు కొలిచి, రెండువందల సారులు రవ్వ పుట్టింపవలెను. ఒక్కొక్క సిలిండరునకు దొరకు వ్యవధి సెకనులో ఏబదవ వంతు. ఈ కొలతలన్నియు ఈసీయూలోని పట్టికలలో వ్రాయబడి యుండును. ఆ పట్టికలనే మ్యాపు అందురు. యింజనును బట్టి ఆ పట్టికలను దిద్దు నేర్పరిని ట్యూనరు అందురు. ఈ రెండు మాటలను సోదరీమణులు మనసున నుంచుకొనవలెను; మేము చెప్పబోవు సారమంతయు వీనియందే యున్నది.

ఇక నొక నిజమైన బండిని దృష్టాంతముగా గైకొందము. మాజ్డా కంపెనీవారు 1989లో చికాగో ప్రదర్శనలో చూపిన ఎమ్‌ఎక్స్-5 అను రెండు సీట్ల చిన్నబండి లోకమంతట ప్రియమైనది. తొలి బండ్లలో 1.6 లీటర్ల యింజను గలదు. గాలి వచ్చు త్రోవలో తలుపురెక్క వంటిదొకటి యుండి, అది యెంత తెరచుకొన్నదో చూచి ఈసీయూ గాలిని అంచనా కట్టును. ఇట్టి బండికి టర్బో తగిలించినచో గాలి మిక్కుటమై రెక్క పూర్తిగా తెరచుకొనిపోవును. అటుపై వచ్చు గాలి ఈసీయూకు కనబడదు. కనబడని గాలికి పెట్రోలు కొలుచుట యెట్లు? కావుననే ఈ బండిని మార్చువారు గాలి పీడనమును నేరుగా కొలుచు సెన్సారు గల క్రొత్త ఈసీయూను పెట్టుకొనుచున్నారు. ఇది వట్టి వేడుక కాదు, అవసరము. ఇట్టి యవసరము లేక, పొరుగువాని బండిలో నున్నదని మాత్రమే కొనుట దుబారా.

అవసరమున్నదని తేలిన పిమ్మట మార్గములు నాలుగు గలవు.

మొదటిది, బండిలోని ఈసీయూనే యుంచి, అందలి పట్టికలను మాత్రము తిరుగ వ్రాయించుట. నేటి బండ్లలో ఈసీయూ బ్రేకులతోను, గేరుపెట్టెతోను, దొంగతనము నాపు తాళముతోను నిరంతరము సంభాషించుచుండును. దానిని తీసివేసినచో తక్కినవన్నియు మూగపోవచ్చును. క్రొత్త బండ్లకు, స్వల్పమైన మార్పులకు, ఈ మార్గమే తరచుగా శ్రేష్ఠము.

రెండవది, పాత ఈసీయూకు ప్రక్కన చిన్నపెట్టె నొకదానిని తగిలించి సెన్సార్ల సంకేతములను మార్చుట. ఇది చవుక. కాని నిజము నెరుగని ఈసీయూకు అబద్ధము చెప్పి పని చేయించుకొనుట వంటిది గనుక దీనికి హద్దులు గలవు.

మూడవది, ఆ బండికే సరిపడునట్లు చేసి, పాత ప్లగ్గులోనే గుచ్చదగిన క్రొత్త ఈసీయూ. వైరింగును కోయనక్కరలేదు, కావలసినప్పుడు పాతదానిని తిరిగి పెట్టుకొనవచ్చును. ఎమ్‌ఎక్స్-5 వంటి ప్రసిద్ధమైన బండ్లకు ఇట్టివి దొరకును. మొదటిసారి కొనువారికి మేము దీనినే చెప్పుదుము.

నాలుగవది, ఏ యింజనునకైనను అమర్చదగిన సామాన్యపు ఈసీయూ. శక్తి హెచ్చు, శ్రమయు హెచ్చు. వైరింగంతయు క్రొత్తగా చేయింపవలెను. సిడ్నీలోని హాల్‌టెక్, మెల్‌బోర్నులోని మోటెక్, న్యూజీలాండులోని లింక్ మొదలగు కంపెనీలు వీనిని చేయుచున్నవి. స్వయముగా నేర్చుకొనదలచినవారి కొఱకు అమెరికాలో మెగాస్క్విర్ట్ అనునది పుట్టినది. తొలుత దానిని విడిభాగములుగా కొని యింటనే అతికి చేసికొనెడివారు. చవుకయే గాని, ఓపికయు కాలమును దాని వెలలో చేర్చి చూచుకొనవలెను.

ఇన్నింటిలో దేనిని కొనవలెను? కంపెనీల ప్రకటనలను చూచి నిర్ణయించుట పొరపాటు. మొదట ట్యూనరును ఎన్నుకొని, పిమ్మట ఈసీయూను ఎన్నుకొనవలెనని మా నిశ్చితాభిప్రాయము. ఎట్టి యుత్తమమైన ఈసీయూ యైనను తొలుత ఖాళీ పలక వంటిదే. దానిపై మంచి యక్షరములు వ్రాయువాడు ట్యూనరు. ఒక్కొక్క కంపెనీ సాఫ్టువేరు ఒక్కొక్క తీరుగా నుండును. ఒకదానియందు నేర్పు గలవానికి మఱొకటి చేతికి రాకపోవచ్చును. కావున ఇంటికి చేరువలో నున్న మంచి ట్యూనరు యొద్దకు ముందుగా పోయి, 'మీ చేతికి బాగుగా అలవడిన ఈసీయూ యేది?' అని యడుగుడు. ఆయన చెప్పినదానిలో మన బండికి తగిన దానిని కొనుడు. మొదట పెట్టెను కొని, పిమ్మట దానిని తెలిసినవారి కొఱకు వందల మైళ్ళు తిరుగుట చీర కొలత చూడక రవికెగుడ్డ తెచ్చుకొన్నట్లుండును.

పెట్టెలో చూడవలసినవి కొన్ని యున్నవి. నాలుగు సిలిండర్లకు నాలుగు యింజెక్టర్లను, నాలుగు కాయిళ్ళను వేరువేరుగా నడుపగల శక్తి యున్నదా? చల్లనినీటి ఫ్యానునకు, పెట్రోలు పంపునకు, టర్బో పీడనమును అదుపుచేయు కవాటమునకు మిగులు తీగలున్నవా? పొగలోని ప్రాణవాయువును సూక్ష్మముగా కొలుచు వైడ్‌బ్యాండ్ సెన్సారును అంగీకరించునా? బండితో వచ్చు సామాన్యపు సెన్సారు మిశ్రమము పలుచనయా చిక్కనయా యని మాత్రమే చెప్పగలదు. ఎంత చిక్కన యని చెప్పజాలదు. కొలత తెలియని చోట దిద్దుట వట్టి ఊహయే. కావున వైడ్‌బ్యాండ్ సెన్సారు ఖరీదును మొదటినుండియే లెక్కలో చేర్చుకొనవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది రక్షణ. నూనె పీడనము పడిపోయినను, నీరు మితిమీరి కాగినను, పీడనమున పెట్రోలు చాలక మిశ్రమము పలుచబడినను, మంచి ఈసీయూ తానే యింజను బలమును తగ్గించును, లేక ఆపివేయును. ఈ గుణము పెట్టెలో నున్నంత మాత్రమున చాలదు. అది పనిచేయుటకు వలయు సెన్సార్లు అమర్చబడవలెను. హద్దులు పట్టికలో వ్రాయబడవలెను. డబ్బు చాలనప్పుడు కొందరు బలము పెంచు పనులను ముందు చేయించుకొని రక్షణను పిమ్మటికి నెట్టుదురు. ఇంటికి దీపములు పెట్టించి ఫ్యూజు మానివేసినట్లున్నది. టర్బో పీడనమునైనను తగ్గించుకొనుడు గాని ఈ సెన్సార్లను మానుకొనవలదు.

వేఱొక సంగతి పెక్కుమంది యడుగ మఱతురు. కొందరు ట్యూనర్లు తాము దిద్దిన మ్యాపునకు రహస్యపదము వేసి తాళము బిగింతురు. తమ విద్యను కాపాడుకొనుట వారి హక్కు కావచ్చును. కాని పిమ్మట ఆ ట్యూనరు ఊరు విడిచినను, అంగడి మూసినను, మఱొకరు ఆ పట్టికను తెరువజాలరు. పని మొదటినుండి చేయింపవలసి వచ్చును. రూకలిచ్చిన పిదప మ్యాపు ప్రతి మన చేతికి వచ్చునా రాదా యని పనికి పూర్వమే యడిగి, కాగితముపై వ్రాయించుకొనుట మేలు.

ధర్మము, చట్టము అను రెంటిని గూర్చి యిక చెప్పవలసి యున్నది. పొగగొట్టములో విషవాయువులను శుద్ధిచేయు భాగముండును. క్రొత్త ఈసీయూ పెట్టించువారిలో కొందరు దానిని తొలగింతురు. అమెరికాలో కాలుష్య నివారణ సాధనములను నిష్ఫలము చేయుట స్వచ్ఛవాయు చట్టము ననుసరించి నిషిద్ధము. కాలిఫోర్నియాలో రోడ్డుపై తిరుగు బండికి ఇట్టి భాగమును పెట్టవలెనన్న అచ్చటి వాయుమండలివారి యనుమతి సంఖ్య దానికుండవలెను. ఆస్ట్రేలియాలో నిబంధనలు రాష్ట్రమును బట్టి మారును. మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, నమోదు పత్రములోని వివరములు తయారీదారుని నిర్దేశమునకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 సవరణతో దీనికి శిక్షయు జరిమానాయు ఏర్పడినవి. కావున ఇట్టి యింజనులకు తగిన చోటు చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో నున్నట్టి పందెపు బాట గాని, పసిపిల్లలు బడికి పోవు వీధి గాదు. మార్పును భీమా కంపెనీకి తెలుపకుండ దాచుటయు కూడదు. ప్రమాదము జరిగిన నాడు ఆ మౌనమే వారికి సాకగును.

బిడ్డలు ఈ కోరికతో వచ్చినప్పుడు వెంటనే కసరుకొనుటయు, అడిగినంత యిచ్చివేయుటయు రెండును తగవు. ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాసి తెమ్మనుడు. బండికి చేయు మార్పు లెవ్వి, వానికి పాత ఈసీయూ ఏల చాలదు? ట్యూను చేయువారెవరు, వారు లోగడ ఇట్టి బండ్లెన్ని చేసిరి? పెట్టె, వైరింగు, సెన్సార్లు, ట్యూను పని, అన్నియు కలిసి యెంత? యింజనును కాపాడు హద్దులు ఏవేవి? మ్యాపు ప్రతి మనకు వచ్చునా? చట్టము, భీమా ఒప్పుకొనునా?

ఈ యాఱింటికి తిన్నని సమాధానములు తెచ్చిన బిడ్డ బండిని గూర్చి నిజముగా ఆలోచించినదని నమ్మవచ్చును. అట్టి బిడ్డకు చేయూత నిచ్చుటకు సందేహింప బనిలేదు. సమాధానములు దొరకనిచో ఆ సొమ్మును ఒక యేడాది నిలువయుంచి, ముందుగా ల్యాప్‌టాప్‌పై పట్టికలను చదువుట నేర్చుకొమ్మని చెప్పుడు. నేర్చుకొన్న విద్య ఆ బండిని అమ్మివేసిన పిమ్మటను వారి వెంట నుండును.