కొలువు నుండి పొలానికి

ఈ సంవత్సరం చదువు ముగించుకొని కళాశాల విడిచి వెళ్తున్న మాలో చాలామందికి మేనకూరులోనో, శ్రీసిటీలోనో, చెన్నైలోనో ఒక ఉద్యోగం దొరకాలన్నది తల్లిదండ్రుల ఆశ. అది సహజమే. అయితే పదేళ్ళు, పదిహేనేళ్ళు అటువంటి ఉద్యోగాలు చేసినవారే కొందరు వాటిని మాని, రెండెకరాలో మూడెకరాలో సంపాదించి, "శాశ్వత వ్యవసాయం" చేయాలని తిరిగి వస్తున్న కాలం ఇది. పెద్దలు దీనిని చూసి "ఇంత చదివింది ఇందుకా?" అంటున్నారు. యువకులు చప్పట్లు కొడుతున్నారు. ఈ రెండింటిలోనూ తొందరపాటే ఉందని మా అభిప్రాయం.

శాశ్వత వ్యవసాయం అన్న ఈ భావనకు పర్మాకల్చర్ అని పేరు పెట్టినవారు ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో కలిసి పనిచేసిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్. వారి తొలి గ్రంథం 1978లో వెలువడింది. మాలిసన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు కావడానికి ముందు చేపలు పట్టాడు, అడవిలో పని చేశాడు. ఇల్లు, నీరు, చెట్టు, పైరు, పశువు ఒకదాని వ్యర్థం మరొకదానికి ఆహారమయ్యేటట్లు అమర్చుకోవడమే ఈ పద్ధతిలోని కీలకం. ఇందులో మనకు కొత్తదనం ఏమున్నది? స్నానాల నీళ్ళు పోయేచోట అరటి, వంటింటి వాకిట కరివేపాకు, పొయ్యిలోని బూడిద పాదులకు, రోజూ చూసుకోనక్కరలేని తాటిచెట్టు దూరపు గట్టున. మన పెరడు ఎప్పుడూ ఇట్లాగే ఉండేది. మన నానమ్మలకు ఎవరూ యోగ్యతాపత్రం ఇవ్వలేదు, అంతే.

ఉద్యోగం మానిన రైతులందరూ ఆదర్శంగా చెప్పుకొనే పేరు జపాన్ దేశీయుడైన మసనోబు ఫుకుఓకా. ఆయన మొక్కల తెగుళ్ళ శాస్త్రం చదివి, యొకొహామా రేవులో సుంకాల శాఖవారి మొక్కల తనిఖీ విభాగంలో పని చేశాడు. ఇరవై ఐదేళ్ళ వయస్సులో తీవ్రమైన జబ్బు చేసి కోలుకున్న తరువాత, ఆ కొలువు విడిచి స్వగ్రామం చేరాడు. "గడ్డిపరకతో విప్లవం" అని తెలుగులోకి వచ్చిన ఆయన గ్రంథం 1975 నాటిది. 1988లో మెగసెసే పురస్కారం లభించింది. ఇంతవరకు అందరూ చెప్పుకుంటారు. చెప్పుకోనిది, ఆయన మొదటి ప్రయత్నం ఘోరంగా విఫలమైందన్న సంగతి. తండ్రి నారింజ తోటను ప్రకృతికే వదిలివేద్దామని కత్తిరింపులు మానగా, కొమ్మలు పెనవేసుకొని, పురుగు పట్టి, చెట్లు వందలుగా చచ్చిపోయాయి. తాను చేసినది ప్రకృతి వ్యవసాయం కాదని, తోటను గాలికి వదలివేయడమేనని ఆయనే తరువాత ఒప్పుకున్నాడు. ఆపై కొచ్చి రాష్ట్రంలోని పరిశోధనా కేంద్రంలో మళ్ళీ ఉద్యోగంలో చేరి, యుద్ధం ముగిసిన తరువాతనే తిరిగి పొలం పట్టాడు. మన గూడూరు నిమ్మతోటల వారికి ఈ కథ చెబితే, ఆశ్చర్యపోరు సరికదా, ముందే మమ్మల్ని అడిగి ఉండవలసిందని అంటారు. మనిషి చేతి అలవాటు పడిన చెట్టును ఒక్కసారిగా వదిలివేయరాదని వారికి తెలుసు.

నాయుడుపేట ప్రాంతపు సంగతి చూద్దాం. మనకు ముఖ్యమైన వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు, వాయుగుండం పట్టిందంటే వారంలోనే పొలం చెరువవుతుంది. ఆ తరువాత నెలల తరబడి నేల ఎండుతుంది. కాబట్టి మొదటి పని మొక్క నాటడం కాదు. ఒక వానాకాలమంతా గొడుగు పట్టుకొని, నీరు ఎటునుండి వచ్చి ఎటు పోతున్నదో చూడడం. వాలుకు అడ్డంగా కందకం ఎక్కడ తీయాలో, గుంట ఎక్కడ తవ్వాలో టాస్మేనియా గ్రంథం చెప్పదు. పక్క పొలం రైతు చెబుతాడు. అడగడానికి మాత్రం కొంత అణకువ కావాలి, అది చదువుకున్నవారిలో తక్కువ. సముద్రానికి చేరువలోని ఇసుక నేలల్లో అతిగా బోరు తోడితే ఉప్పునీరు లోపలికి వస్తుందన్నది కూడా మరువరాదు. నేల బలపడడానికి జీలుగ, జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్నాలి.

ఇక డబ్బు. బొప్పాయి ఏడాది తిరగకముందే కాస్తుంది. మామిడి అంటుకు నాలుగైదేళ్ళు కావాలి. ఈ నడుమ కుటుంబం ఏమి తినాలన్న ప్రశ్నకు జవాబు లేకుండా రాజీనామా పత్రం వ్రాయడం వీరత్వం కాదు. దాచుకున్నదంతా భూమిపై పెట్టి, రెండవ వేసవికి అప్పుల పాలై, మూడవ ఏట ఆ భూమినే అమ్ముకోవడం కంటే, జీతం వస్తుండగానే పాతిక సెంట్లలో మొదలుపెట్టడం మేలని మేము నమ్ముతున్నాము.

భూమే లేనివారి మాటేమిటి? మాలో అధికులు అట్టివారే. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చరిత్ర ఇక్కడ చూడదగినది. దాని స్థాపకులలో ఒకరైన పి.వి.సతీష్ దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాతగా పనిచేసినవారు. అక్కడి దళిత మహిళలు సంఘాలుగా చేరి, భూములను కౌలుకు తీసుకొని కలిసి సాగు చేశారు. ఆ సంస్థలో పనిచేసిన కొప్పుల నర్సన్న తన సహధర్మచారిణి పద్మతో కలిసి 1999లో "అరణ్య" సంస్థను నెలకొల్పారు. 2017 నవంబరులో ప్రపంచ శాశ్వత వ్యవసాయ సమావేశం హైదరాబాదుకు వచ్చింది. నేర్చుకొనడానికి సముద్రాలు దాటనక్కరలేదు.

అందువల్ల పాలక సంఘం పెద్దలకు మా మనవి ఒక్కటి. వసతిగృహం వెనుక ముళ్ళకంప పెరుగుతున్న ఖాళీ స్థలంలో పాతిక సెంట్లు విద్యార్థులకు ఇప్పించండి. వంటశాల కడుగునీళ్ళూ, ఐదు పూటలా వజూ చేసుకొన్న నీళ్ళూ ప్రస్తుతం రోడ్డు కాలువలో కలుస్తున్నాయి. ఆ కాలువను నాలుగు గజాలు ఇటు మళ్ళిస్తే పది అరటి పిలకలకు, రెండు మునగలకు, ఒక తీగపందిరికి సరిపోతుంది. ఖర్చు రెండు పారలు, ఒక గడ్డపార. అక్టోబరు వానలు పడకముందే అనుమతి వస్తే, మా తరువాత వచ్చే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కందకం తవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.