వోటు తూకము

2023వ సంవత్సరమున తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగినపుడు శేరిలింగంపల్లి వోటర్ల జాబితాలో 7 లక్షలకు మించిన పేళ్లుండెను. భద్రాచలము జాబితాలో నున్నవి సుమారు లక్షన్నర. రెండు స్థానములును సభకు పంపినది ఒక్కొక్క సభ్యునే. రాజధాని యంచున కాపురముండు గృహస్థుని వోటు, గోదావరి యొడ్డున నుండు గృహస్థుని వోటులో దాదాపు అయిదవ వంతు మాత్రమే తూగినదన్నమాట. ఈ వ్యత్యాసము ఏ యధికారి యజాగ్రత్తవలనను గలిగినది కాదు. చట్టమే దీనిని గలిగించినది. చట్టమే దీనిని కాపాడుచు వచ్చినది.

1937లో చెన్నపురి శాసనసభకు 215 స్థానములకై ఎన్నికలు జరిగినపుడు, పన్ను కట్టువారికి, ఆస్తి గలవారికి, చదువు నేర్చినవారికి మాత్రమే వోటుండెను. కూలివాడును, అతని యిల్లాలును వాకిట నిలిచి చూచిరి. 1951-52 ఎన్నికలలో ఆ వాకిలి అందఱకును తెఱువబడినది. అయినను వోటు చేతికిచ్చుట యొకటి, ఇచ్చిన వోట్లు సమానముగా తూగునట్లు చూచుట యింకొకటి. మొదటిదానికై మన పెద్దలు చెఱసాలలకు పోయిరి. రెండవదానిని గూర్చి మనము పఠనమందిరములలో సైతము చర్చించుట మానితిమి.

ప్రతి జనాభా లెక్క తరువాతను శాసనసభా స్థానములను సరిచేయవలెనని రాజ్యాంగము 170వ అధికరణమున విధించినది. 1976లో, అత్యవసర పరిస్థితి నాళ్లలో చేసిన 42వ సవరణ ఈ పనిని ఆపివేసినది. 2001వఱకు 1971 లెక్కలే ప్రమాణమనిరి. 2001లో చేసిన 84వ సవరణ ఆ గడువును 2026 తరువాత జరుగు మొదటి జనగణన వఱకు పొడిగించినది. 2003లోని 87వ సవరణచే 2001 లెక్కలనుబట్టి హద్దులు మార్చుటకు మాత్రము అనుమతి దొరకినది. ఆ ప్రకారము 2008లో హద్దులు మాఱినవి కాని ఉమ్మడి రాష్ట్రపు 294 స్థానములు 294గానే నిలిచినవి.

ఈ స్తంభనకు చెప్పిన కారణము తేలికగా త్రోసివేయదగినది కాదు. కుటుంబ నియంత్రణమును శ్రద్ధతో నడపిన రాష్ట్రము, ఆ శ్రద్ధ కారణముగా లోకసభలో స్థానములు పోగొట్టుకొనరాదు. ఈ మాటలో న్యాయమున్నది. దక్షిణాదివారమైన మన మందులో ఒక్క యక్షరమును వదలుకొనరాదు. కాని లోకసభ పంపకమునకు చెప్పిన ఈ హేతువు రాష్ట్ర శాసనసభ కెట్లు వర్తించును? లోకసభయందు ఒకరి వాటా పెరిగిన నింకొకరి వాటా తగ్గును. తెలంగాణ సభలో 119 మంది కూర్చున్నను, 153 మంది కూర్చున్నను ఉత్తరప్రదేశమునకు పోవునదేమి?

రాష్ట్రపతి యెన్నికలో శాసనసభ్యుల వోట్ల విలువ మాఱునని కొందఱు జవాబు చెప్పుదురు. మేమా లెక్క వేసి చూచితిమి. రాష్ట్రపు 1971 నాటి జనాభాను ఎన్నికైన సభ్యుల సంఖ్యచే భాగించి, వచ్చినదానిని మరల వేయిచే భాగింపగా సభ్యుని వోటు విలువ తేలును. శేషము 500కు తక్కువ కానిచో ఒకటి కలుపుదురు. 2022 రాష్ట్రపతి యెన్నికలో ఉత్తరప్రదేశ సభ్యుని వోటు 208, తమిళనాటి సభ్యునిది 176, ఆంధ్రప్రదేశ సభ్యునిది 159, తెలంగాణ సభ్యునిది 132, సిక్కిము సభ్యునిది 7. ఆంధ్రప్రదేశపు 175 మందికి కలిపి 27,825. సభ్యులు 225 మందియైనచో ఒక్కొక్కరి విలువ 124కు దిగును, మొత్తము 27,900. భిన్నములను పూర్ణాంకములు చేయుటవలన కలిగిన డెబ్బదియైదు తప్ప భేదము లేదు! సభ్యులెందఱైనను రాష్ట్రపు బరువు రాష్ట్రపు బరువే. ఈ భయము కేవలము నీడను చూచి బెదరుట.

2014 నాటి ఆంధ్రప్రదేశ పునర్వ్యవస్థీకరణ చట్టము 26వ విభాగమున ఆంధ్రకు 225, తెలంగాణకు 153 స్థానములని వ్రాసినది. దాని పక్కనే '170వ అధికరణమునకు లోబడి' యనియు వ్రాసినది. ఆ యధికరణమో, దారి మూసియుంచినది. తెలుగువారి చేతికందినది అద్దములోని ముడుపు. జమ్మూ కాశ్మీరమున 2022లో స్థానములు 90కి పెరిగినవి గదా, మాకేల కూడదని కొందఱు సుప్రీంకోర్టుకు పోయిరి. అది కేంద్రపాలిత ప్రాంతము, రాష్ట్రములకు వర్తించు అడ్డు దానికి లేదని 2025 జూలైలో న్యాయస్థానము ఆ యర్జీని కొట్టివేసినది. న్యాయమూర్తులను నిందించి ఫలము లేదు. నెఱవేర్చుటకు వీలులేని వాగ్దానమును, వీలులేదని యెఱిగియు, చట్టములో వ్రాసిన పార్లమెంటును అడుగవలసియున్నది.

స్థానములు పెరుగవలెనని మన నాయకులలో ఏ పక్షమువారైనను కోరుదురు. వారి తొందర యంతయు వోటరుపై ప్రేమయేనని మేము నమ్మము. టిక్కెట్టు దొరకని యనుచరులకు చోటు చూపుట, మంత్రుల సంఖ్యను పెంచుకొనుట యను ఆశలును అందున్నవి. 2003 నాటి 91వ సవరణ మంత్రులను సభ్యులలో నూటికి పదునైదుగురకు మించనీయదు. సభ పెరిగినచో మంత్రివర్గమును పెరుగును. వారి యాశ యేదైనను వోటరు బాధ వోటరుదే.

భద్రాచలము సంగతి వేఱు. అది గిరిజనులకు ప్రత్యేకింపబడిన స్థానము. 2014లో అందలి కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. అందుచే జాబితా మఱింత చిక్కినది. తలలు లెక్కపెట్టి సమానము చేయుదమని దానిని ప్రక్క స్థానముతో కలిపినచో, అడవిలోని పల్లెవాడు తన ప్రతినిధి ముఖమును చూడవలెనన్న ఎన్ని కోసులు నడువవలెను? నగరములోనివాడు ట్రాములు లేకున్నను బస్సెక్కి పోగలడు. భూస్వరూపమును, రాకపోకల సౌకర్యమును, ప్రజల వీలును చూడవలెనని 2002 నాటి పునర్విభజన చట్టమే చెప్పుచున్నది. కావున చిన్నవానిని చేర్చి పెద్దది చేయక, పెద్దవానిని చీల్చి చిన్నవి చేయుటయే మార్గము. స్థానముల సంఖ్య పెరుగక ఆ పని జరుగదు.

ఇందుతో స్త్రీల హక్కును ముడిపడినది. లోకసభయందును శాసనసభలయందును మూడవ వంతు స్థానములు స్త్రీలకని 2023లో 106వ సవరణ చేసిరి. అది జనగణన, పునర్విభజన ముగిసిన పిమ్మటనే యని షరతు పెట్టిరి. హద్దుల పని యాలస్యమైన ప్రతి సంవత్సరమును వారి వాయిదాలో చేరును.

లోకసభ వాటాల వివాదమునుండి శాసనసభల సంఖ్యను వేఱు చేయవలెనని మా కోరిక. రాష్ట్రముల నడుమ తగవు తెగువఱకు రాష్ట్రములోపలి యన్యాయమును నిలిపియుంచుట యేమి ధర్మము? పునర్విభజన సంఘము పని యెప్పుడు సాగినను, ముసాయిదా పటములు తెలుగులో అచ్చై ప్రతి మండల కార్యాలయమునను, ప్రతి గ్రంథాలయమునను గోడకు వ్రేలాడవలెను. తుది యుత్తరువు వెలువడిన తరువాత న్యాయస్థానమునకు పోవు దారి మిక్కిలి యిఱుకు. ఆక్షేపణలు చెప్పదలచిన పౌరులు తమ గ్రామముల పేళ్లతో, వోటర్ల సంఖ్యలతో అర్జీలను అంతకు ముందే సిద్ధము చేసికొనవలెను.