కళ్లు మూసుకుని అడగాల్సిన ప్రశ్న

బలసముద్రం కర్ణాటక ఊరే గానీ, అది ఉన్న పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. ఇళ్లలోనూ సంతలోనూ తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. బయటివాళ్లకు ఈ ప్రాంతం పేరు తెలిసింది మాత్రం సోలార్ పార్కు వల్ల. బలసముద్రం, తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు రైతులు కౌలుకిచ్చిన దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పలకలు పరిచారు. 2018లో ప్రారంభమైన ఆ పార్కు ఇక్కడికే ఎందుకొచ్చిందంటే వాన తక్కువ, ఎండ ఎక్కువ కాబట్టి. సరిగ్గా ఈ రెండూ చెక్క గిటార్‌కు పడవు. నిండు చెక్కతో చేసిన గిటార్‌ను గాలిలో 45 నుంచి 55 శాతం తేమ ఉండేలా చూసుకోవాలని తయారీదార్లే చెబుతారు. ఈ సీమలో ఎండాకాలం మధ్యాహ్నాల్లో తేమ అంతకు చాలా కిందికి దిగిపోతుంది. పై పలక కుంచించుకుపోయి నిలువునా నెర్రె తీస్తుంది, మెట్ల (ఫ్రెట్ల) కొనలు పక్కలకు పొడుచుకొచ్చి వేళ్లను గీరుతాయి, తీగలు మెట్లకు తగిలి జరజరలాడతాయి. బాగుచేయించాలంటే బెంగళూరు బస్సెక్కాలి. ఇలాంటి చోట గిటార్ నేర్చుకునే పిల్లకో పిల్లవాడికో తెలివైన ఎంపిక ప్లైవుడ్ గిటారో, వెనక భాగం గుండ్రంగా సింథటిక్‌తో చేసిందో, డబ్బుంటే కార్బన్ ఫైబర్‌దో అవుతుంది. అయితే అలాంటిది పట్టుకెళ్తే ఒక్క తీగ మీటకముందే తీర్పు వచ్చేస్తుంది: ‘ప్లాస్టిక్ గిటారా?’

ఈ తీర్పులో తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష చాలు. వాయిద్యం మీద చెప్పిన అభ్యంతరం కళ్లు మూసుకున్నా నిలబడితే అది విమర్శ, దానికి జవాబు చెప్పాలి. కళ్లు తెరిస్తేనే నిలబడేదైతే అది పక్షపాతం, దానికి జవాబు చెప్పే బాధ్యత వాయించేవాళ్ల మీద లేదు. ‘కింది స్వరాలు పలచగా ఉన్నాయి’ అన్నది మొదటి రకం. ‘ఇది గిటార్‌లా లేదు’ అన్నది రెండో రకం. మన దగ్గర జరిగే వాదాల్లో ఈ రెంటినీ కలిపేసి, రెండో దానికి మొదటి దాని గౌరవం ఇచ్చేస్తున్నాం.

అసలు ‘గిటార్‌లా’ ఉండడమంటే ఏమిటి? ఇప్పుడు దుకాణంలో మొదట కనిపించే వెడల్పు నడుము, పెద్ద పొట్ట గిటార్‌ను డ్రెడ్‌నాట్ అంటారు. బ్రిటిష్ యుద్ధనౌక పేరది. మార్టిన్ కంపెనీ 1916లో దీన్ని డిట్సన్ అనే వ్యాపార సంస్థ కోసం చేసింది. సొంత పేరుతో అమ్మకానికి పెట్టడానికి 1931 దాకా ఆగింది. అంటే ఇప్పుడు సంప్రదాయం అనిపించుకుంటున్న ఆకారానికి ఇంకా నూరేళ్ల పైచిలుకే వయసు, అది పుట్టినప్పుడు అదే విడ్డూరం. 1966లో హెలికాప్టర్లు తయారుచేసే ఇంజనీరు చార్లెస్ కామన్ తన విమాన పరిశ్రమ అనుభవంతో గుండ్రటి సింథటిక్ వీపు పెట్టి ఒవేషన్ గిటార్ తెచ్చాడు. గ్లెన్ క్యాంప్‌బెల్ లాంటి గాయకులు టీవీలో వాయించారు, వేదికల మీద మైకుకు లొంగే గిటార్‌గా దానికి పేరొచ్చింది. అయినా అరవై ఏళ్లు కావస్తున్నా కొందరికి అది ‘గిన్నె’గానే మిగిలింది. గుండ్రటి వీపు ఒడిలో జారుతుందన్నది న్యాయమైన ఫిర్యాదే. యాంప్లిఫయర్ లేకుండా కొన్ని మోడళ్లకు నిండుదనం తక్కువన్నదీ న్యాయమే. గిన్నెలా ఉందన్న ఎగతాళిలో మాత్రం సంగీతానికి సంబంధించిన మాట ఒక్కటీ లేదు.

చెవి, కన్ను వేరువేరుగా ఏం చెబుతాయో కొలిచి చూసినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరు గిటార్లు చేయించారు. అన్నిటికీ ఒకే కొలతలు, ఒకే రకం పై పలక. వెనక, పక్కల చెక్క మాత్రం ఆరు రకాలు, అరుదైన బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి చవకగా దొరికే సపేలీ దాకా. 52 మంది గిటారిస్టులకు వెల్డింగు కళ్లద్దాలు పెట్టి, మసక వెలుతురులో వాయించమన్నారు. 2018లో ప్రచురితమైన ఫలితం ఏమిటంటే, వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొయ్యలను వేరుచేసి పట్టుకోవడమూ వాళ్లకు సాధ్యం కాలేదు. వయొలిన్ విషయంలో పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్ బృందం పారిస్‌లో చేసిన పరీక్షలో పది మంది పేరున్న సోలో కళాకారులు చూపు కప్పుకుని వాయిస్తే, ఆరుగురు స్ట్రాడివేరియస్ లాంటి పాత వయొలిన్లను కాదని కొత్త వయొలిన్లనే ఎంచుకున్నారు. ఈ రుజువుల హద్దు కూడా చెప్పాలి. లాంకాస్టర్ పరీక్ష వెనక చెక్కకే పరిమితం. పై పలక మారినా, డబ్బా ఆకారం మారినా ధ్వని మారుతుంది, అది ఎవరూ కాదనరు. పై పలకే కీలకమని స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ 1862లోనే చూపించాడు. వెనక, పక్కలు కాగితపు అట్టతో, పై పలక మాత్రం మంచి చెక్కతో గిటార్ చేశాడు. ఇప్పుడది బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. ఆధునిక స్పానిష్ గిటార్‌కు రూపమిచ్చిన మనిషే అట్ట గిటార్ చేశాడన్న సంగతి ‘అసలైన గిటార్’ గురించి పాఠాలు చెప్పేవాళ్లు ఒకసారి తలచుకుంటే బాగుండు.

తెలుగువాళ్లకు కంటికీ చెవికీ మధ్య ఈ తగువు కొత్తది కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జీవితమే దీనికి నిలువెత్తు సాక్ష్యం. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను పిల్లవాడు ఆరేళ్లకే పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు, ఆయన పాడేవారు, పిల్లవాడు పాటను తీగల మీదికి దించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరి చేశాడు. మద్రాసు చేరేసరికి వచ్చిన అభ్యంతరాలు రెండు రకాలు. పాశ్చాత్య వాయిద్యం, అందులోనూ కరెంటుతో మోగేది కచేరి వేదిక మీద ఏమిటన్నది ఒకటి. జంట తీగల మాండలిన్‌లో స్వరం పుట్టీ పుట్టగానే అణగిపోతుంది, దాని మీద గమకం ఎలా పలుకుతుందన్నది ఇంకొకటి. మొదటిది కంటి మాట, రెండోది చెవి మాట. శ్రీనివాస్ మొదటి దానితో వాదన పెట్టుకోలేదు, రెండో దానికి వాయిద్యంతోనే జవాబిచ్చాడు. జంటలుగా ఉన్న ఎనిమిది తీగల్ని తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. తీగను లాగితే స్వరం వంగి చాలాసేపు నిలిచేలా, మంద్ర స్థాయి కూడా అందేలా ఎలక్ట్రిక్ మాండలిన్‌ను మలుచుకున్నాడు. పాత మాండలిన్ పద్ధతికి కట్టుబడి ఉంటే ఆ సంగీతం పుట్టేదే కాదు. పద్నాలుగేళ్ల ప్రాయంలో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి, 1998లో పద్మశ్రీ అందుకుని, 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. ఆయన పేరుకు ముందు ‘మాండలిన్’ ఇంటిపేరయింది. ఇప్పుడు కర్ణాటక సంగీతంలో మాండలిన్ అంటే ఎవరూ కనుబొమ్మలు ఎగరేయరు.

శ్రీనివాస్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పాశ్చాత్య సంగీతం వైపు నుంచి ఇదే పని చేశాడు. 1970లలో మొదటి శక్తి బృందం కోసం ఆయన వాయించిన అకూస్టిక్ గిటార్‌కు నాదం గుంతకు అడ్డంగా ఏటవాలుగా ఏడు అదనపు తీగలుండేవి. మీటిన స్వరానికి అవి తమంతట తామే స్పందించేవి. మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించాడు. వీణలో మెట్ల మధ్య ఉండే ఖాళీ ఏం పని చేస్తుందో గమనించి చేసిన మార్పు అది, తీగను నొక్కి వంచడానికి వేలికి చోటు కావాలి కదా. గిబ్సన్ సంస్థ పేరు మీద, ఏబ్ వెక్టర్ చేతి మీద తయారైన ఆ గిటార్‌ను చూస్తే ఏదో ప్రమాదంలో తీగలు చిక్కుపడ్డట్టుంటుంది, వింటే మాత్రం ఎందుకలా చేశారో తెలుస్తుంది.

‘మరి సంప్రదాయం సంగతేమిటి? వాయిద్యం ఆకారం వందల ఏళ్ల అనుభవం తేల్చిన రూపం, దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు మారిస్తే మిగిలేదేమిటి?’ అని అడిగేవాళ్లున్నారు. ఇది తేలిగ్గా కొట్టేసే మాట కాదు. అయితే మన సంప్రదాయం ఎలా ఏర్పడిందో చూడండి. వీణకు 24 స్థిరమైన మెట్లు పదిహేడో శతాబ్దంలో, తెలుగులో కావ్యాలు రాసిన తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో కుదిరాయని సంగీత చరిత్రకారులు చెబుతారు. అంతకు ముందు మెట్లు జరుపుకునే పద్ధతి ఉండేది. వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చి మన సంగీతానికి లొంగదీశారు. గడ్డం కింద కాక, కూర్చుని చీలమండకు ఆనించి వాయించే భంగిమ మనవాళ్లు పెట్టిందే. యూరప్ కంటితో చూస్తే అది కూడా తప్పే. అదే వయొలిన్‌తో 1893లో బెంగళూరులో పుట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరం సంగీత కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు, తెలుగువాళ్ల గర్వకారణం అయ్యారు. సంప్రదాయం అనే నది ఇన్ని ఉపనదుల నీళ్లు తాగి మన దాకా వచ్చింది. పాత మార్పులకు మొక్కి, కొత్త మార్పులను గేటు దగ్గరే ఆపేవాళ్లు సంప్రదాయాన్ని కాపాడుతున్నారనడం కుదరదు, తమ చిన్నప్పటి అలవాటును కాపాడుకుంటున్నారంతే.

కళ్లు మూసుకుని చేసే ఈ పరీక్ష అన్ని సందర్భాల్లోనూ కొత్తదాని పక్షమే వహించదు, ఆ సంగతి హార్మోనియం చరిత్ర చెబుతుంది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. దాని స్వరాలు బిగించినట్టుంటాయి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం దానికి చేతకాదు, మన రాగాలకు కావాల్సిన సూక్ష్మ తేడాలు పలకవు అన్నారు. ఈ వాదన కళ్లు మూసుకున్నా నిలబడుతుంది. అందుకే అది విమర్శ, అందులో నిజం ఉంది. కానీ దాన్ని నిషేధంగా మార్చడం తప్పు. ఆ నిషేధం అమల్లో ఉన్న మూడు దశాబ్దాల్లోనే రాయలసీమ నుంచి కోస్తా దాకా పౌరాణిక నాటకం హార్మోనియం శ్రుతి మీదే నడిచింది, ఊరూరా భజన గుళ్లు దానితోనే మోగాయి. లోపం ఉన్న వాయిద్యం కూడా ఎక్కడో ఒక చోట తన పని తాను చేయగలదు. 1971లో ఆకాశవాణి కొంత సడలించింది. నిజమైన విమర్శ దొరికినంత మాత్రాన తలుపు మూసే హక్కు వచ్చేయదని ఆ ముప్పై ఏళ్లు నేర్పాయి. ఇక విమర్శే లేకుండా, ఆకారం చూసి మూసే తలుపుల సంగతి వేరే చెప్పాలా?

ఇంకో అభ్యంతరం చేతిపనివాళ్ల పక్షాన వస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు ఒకే పనస దుంగ తొలిచి చేసే ఏకాండి వీణలకు ఫైబర్, ప్లైవుడ్ పోటీ వస్తే వాళ్ల గతేం కావాలంటారు. ఆందోళన న్యాయమే. అయితే బొబ్బిలి వీణకు గిరాకీ తగ్గింది ఎవరో కార్బన్ ఫైబర్ వీణ కనిపెట్టడం వల్ల కాదు, వీణ నేర్చుకునే పిల్లలు తగ్గడం వల్ల. బహుమతులుగా ఇచ్చే చిన్న నమూనా వీణలు చేసి ఆ కుటుంబాలు నిలదొక్కుకున్నాయంటే, ఆకారాన్ని అవసరానికి తగ్గట్టు మార్చడం వాళ్లకు చాతనైన విద్యే. చెక్క వాయిద్యం విలువ దాని పనితనంలో ఉంది, చెక్క కానిదాన్ని వెక్కిరించడం వల్ల ఆ విలువ పైసా కూడా పెరగదు.

కంటి అలవాటుకు మూల్యం చెల్లించేది వాయించేవాళ్లే కాదు, అడవులు కూడా. గిటార్ మెట్ల పట్టీకి నల్లగా నిగనిగలాడే ఎబొనీ కావాలని ఏళ్ల తరబడి కొనుగోలుదార్లు పట్టుపట్టారు. కామెరూన్‌లో 2011లో ఎబొనీ మిల్లు కొన్న టేలర్ గిటార్స్ వ్యవస్థాపకుడు బాబ్ టేలర్ చెప్పిన లెక్క ప్రకారం, పది చెట్లు కొడితే పూర్తి నల్లగా ఉండేది ఒకటి. మిగతావి చారలున్నాయని అడవిలోనే వదిలేసేవారు. చార ఉన్న ఎబొనీ మోతలో తీసిపోదు. ఇదే బాబ్ టేలర్ 1995లో సామాను మోసే చెక్క చట్రం పలకలతో గిటార్ చేసి ప్రదర్శించాడు. పనితనం చెట్టు ఖరీదులో లేదని చెప్పడమే ఆ ‘ప్యాలెట్ గిటార్’ ఉద్దేశం. మన పడమటి కనుమల రోజ్‌వుడ్‌తో సహా డల్బెర్జియా జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీద 2017లో ఆంక్షలు వచ్చాయి. పూర్తయిన వాయిద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు గానీ ఆ కొయ్య మళ్లీ సులువుగా దొరికే రోజులు రావు.

కొత్తదన్న ప్రతిదీ గొప్పది కాదు. ఆకారంతో గారడీ చేసి ధ్వనిని పట్టించుకోని గిటార్లు బజారులో బోలెడున్నాయి, వాటిని తిరస్కరించడానికీ చెవే చాలు. కాబట్టి సంగీతం మాస్టర్లకు, పరీక్షలు పెట్టే సంస్థలకు, కచేరీలు ఏర్పాటుచేసే సభలకు, పిల్లలకు గిటార్ కొనిపెట్టే తల్లిదండ్రులకు ఒకటే విన్నపం. బలసముద్రం నుంచో, పెనుకొండ నుంచో ఒక పిల్ల వింత గిటార్ పట్టుకొస్తే ముందు అటు తిరిగి కూర్చోండి. ఆ పిల్లను ఒక కీర్తనో, సినిమా పాటో వాయించమనండి. పూర్తయ్యాక ఏది బాగాలేదో చెప్పగలిగితే చెప్పండి, దిద్దుకుంటుంది. ఏమీ చెప్పలేకపోతే ఆ గిటార్ సంగతి వదిలేసి తర్వాతి పాఠం మొదలుపెట్టండి.