నవ్వు ఎవరిది? నవ్వులపాలయ్యేది ఎవరు?

2007 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఇన్‌శాట్-4సీఆర్ ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. ఇంటి కప్పు మీది చిన్న డిష్‌కు నేరుగా టీవీ ప్రసారాలను అందించటం దాని పని. 2023లో సరిగ్గా అదే తేదీన, అదే దీవి నుంచి, సూర్యుణ్ణి పరిశీలించేందుకు ఆదిత్య-ఎల్1 బయలుదేరింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ నిగార్ షాజీ అనే ముస్లిం మహిళ. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 ఇక్కడి నుంచే రోహిణిని కక్ష్యలో నిలిపిన నాడు ఆ ప్రాజెక్టు సారథి ఏ.పి.జె. అబ్దుల్ కలాం.

మరి ఆ డిష్‌ల గుండా మన ఇళ్లలోకి దిగే హాస్యంలో ముస్లిం ఎవరు? వచ్చీరాని తెలుగు మాట్లాడే సాయిబు. బిర్యానీ, మాంసం కొట్టు, నాలుగు పెళ్లిళ్లు, బురఖా చాటున మారువేషం - ఈ గిరి దాటి ఆ పాత్ర అడుగు వేయటం అరుదు. తరతరాలుగా తెలుగే మాట్లాడుతూ, తెలుగులోనే రాస్తూ బతుకుతున్న లక్షలాది కుటుంబాల భాష అక్కడ ఎగతాళి సరుకు. 2013లో ఈటీవీలో మొదలై స్కిట్ అనే రూపాన్ని ఇంటింటికీ చేర్చిన కార్యక్రమం పేరు 'జబర్దస్త్'. ఆ మాట ఉర్దూ నుంచి వచ్చినదే. మన మాట శీర్షికగా ముద్దు. మన యాస మాత్రం ఎందుకు వెక్కిరింత కావాలి?

"సరదాకు అన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అంటారు. మేము హాస్యానికి విరోధులం కాము. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఈ నెల్లూరు సీమలోని ముస్లిం ఇళ్ల కథలే. వాటిలో పేదరికం ఉంది, అమ్మ తిట్లు ఉన్నాయి, కడుపుబ్బ నవ్వించే ఘట్టాలూ ఉన్నాయి. చదివినవాడు ఆ పిల్లవాడితో కలిసి నవ్వుతాడు. వాణ్ణి చూసి నవ్వడు. భేదమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు స్కిట్ ఆయుష్షు ప్రసారంతో ముగియటం లేదు. అభిమానులు దానిని ముక్కలు చేస్తారు, కొత్త మాటలు అతికిస్తారు, అందులోని పాత్రలతో సొంత కథలు అల్లుతారు. నచ్చిన పాత్రను తీసుకొని అభిమానులే కథను పొడిగించటాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. పాత కథను కొత్త కంటితో చెప్పటం తెలుగుకు అలవాటైన పనే; రామాయణ స్త్రీలను తిరిగి పలికించిన ఓల్గా 'విముక్త'కు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అయితే మూలంలోని సాయిబు వెక్కిరింత బొమ్మ అయినప్పుడు, ఆలోచించక రాసే అభిమాని ఆ బొమ్మనే నూరింతలు చేస్తాడు. రచయిత వేసిన ఒక్క విత్తనం వేలచేతుల మీదుగా మొలకెత్తుతుంది. చివరకు అది బడిలో మన పిల్లలకు పెట్టే మారుపేరై తేలుతుంది.

అభిమానమే మందు కూడా కాగలదు. అమెరికా కార్టూన్ ధారావాహిక 'ది సింప్సన్స్'లో 1990 నుంచి అపూ అనే భారతీయ దుకాణదారు పాత్ర ఉంది. దానికి వంకర యాసతో గొంతునిచ్చినవాడు హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. న్యూయార్క్‌లో పుట్టిన తెలుగు సంతతి హాస్యనటుడు హరి కొండబోలు ఆ ధారావాహికను ఇష్టపడుతూ పెరిగినవాడే. ఆ అపూ పేరుతో తమబోటి పిల్లలు పడిన అవమానాన్ని 2017లో ఒక డాక్యుమెంటరీగా తీశాడు. 2018లో ధారావాహిక ఆ విమర్శను తేలికగా తీసిపారేసింది. అదే ఏడాది నిర్మాత ఆది శంకర్, అపూను గౌరవంగా తీర్చిదిద్దే కథ రాయమని అందరికీ పోటీ పెట్టాడు. 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు. కదిలించినది నిషేధం కాదు, ఇష్టపడేవారే నిలదీయటం.

మన ముందున్న మార్గాలు రెండు. మొదటిది చట్టం. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాల్లోని 6వ నియమం మతాలపై, సమూహాలపై దాడిని, మతవర్గాలను కించపరిచే మాటలను, దృశ్యాలను నిషేధిస్తోంది. 2021 సవరణ ప్రకారం ఫిర్యాదు ముందు ఆ ఛానెల్‌కే చేయాలి. 15 రోజుల్లో వారు తేల్చాలి. తృప్తి కలగకపోతే స్వీయ నియంత్రణ సంస్థకు, అటుపైన ప్రభుత్వానికి వెళ్లవచ్చు. తేదీ, సమయం, మాట రాసిపెట్టుకొని ఫిర్యాదు చేయటం వీధిలో కేకలు వేయటం కంటే గట్టి పని. రెండవది కలం. సాయిబు పాత్రను వెక్కిరింత నుంచి విడిపించే కథలు మన యువతీ యువకులే రాయాలి. రాకెట్ లెక్కలు చూసుకునే ఆమె ఇంట్లోనూ పెళ్లి గొడవలుంటాయి, మాడిన బిర్యానీ ఉంటుంది. ఆ నవ్వు మనం రాయకపోతే మరెవరు రాస్తారు?

ఒక షరతు ఉంది. ఒక సమూహం మరొక సమూహాన్ని ఎగతాళి చేయరాదని, చెడ్డపేర్లతో పిలవరాదని ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 11వ వాక్యం ఆదేశిస్తోంది. అది మనల్ని ఎగతాళి చేసేవారికి మాత్రమే చెప్పిన మాట కాదు. శ్రీహరికోట దీవి యానాదుల నివాసం. అంతరిక్ష కేంద్రం కోసం వారిలో అనేకులు చోటు వదిలి పోవలసి వచ్చింది. ఆ జాతి పేరునే తిట్టుగా వాడే నోళ్లు ఇప్పటికీ ఉన్నాయి. సాయిబు జోకుకు నొచ్చుకున్నవారు యానాది జోకుకు, హిజ్రా జోకుకు, నల్లని ఆడపిల్ల మీది జోకుకు నవ్వితే మన ఫిర్యాదుకు బలం ఉండదు. గౌరవం అందరికీ అడిగినప్పుడే మనకూ దక్కుతుంది.