పాస్‌పోర్టు మీది ముద్ర



తోటలలో దొర బంగళా మిట్టమీదను, గుమాస్తాల యిండ్లు దానికి దిగువను, కూలి లైన్లు పల్లమునను ఉండుట మీరెరిగినదే. ఎవరి మెట్టు ఎక్కడనో అచట నేలయే చెప్పును. నేను పదునైదేండ్లుగా కాపురమున్న దుబాయి చదునైన యిసుక నేల. అందుచేత ఇచట మెట్లు లేవని చాలకాలము భ్రమపడితిని.

నేను ఒక కచేరిలో లెక్కలు వ్రాయుదును. జగిత్యాల ప్రాంతమందలి మా యూర నాతో ఒకే బల్లపై కూర్చుండి చదివినవాడొకడు ఈ పట్టణముననే కట్టడపు పనిలో నున్నాడు. మా పాస్‌పోర్టులు రెండును హైదరాబాదులో ఇచ్చినవే. పదవ తరగతి ప్యాసు కాని వాని పుస్తకములో ఈ.సీ.ఆర్. అను ముద్ర పడినది. నా పుస్తకములో లేదు. 1983వ సంవత్సరపు వలస చట్టమునుబట్టి ఆ ముద్ర గలవాడు ఎమిరేట్సు మొదలగు కొన్ని దేశములకు పనికై పోవలెనన్న సర్కారు అనుమతి పొందవలెను. బీదలు మోసపోకుండుటకే ఈ యేర్పాటు, దానిని తప్పుపట్టను. అయినను నేను తిన్నగా విమానమెక్కితిని. వాడు ఏజెంటు గుమ్మమున నెలలతరబడి కాచుకొని, వడ్డీకి తెచ్చిన సొమ్ము వాని చేతిలో పోసి యెక్కెను. పూర్వము కంగాణి కూలివానికి ముందుసొమ్ము ఇచ్చెడివాడు. ఇప్పుడు కూలివాడే యెదురిచ్చుచున్నాడు! ఎమిరేట్సువారి 2021వ సంవత్సరపు కార్మిక చట్టము అట్టి రుసుము కూలివానినుండి రాబట్టరాదని చెప్పుచున్నది. వాని అప్పు అంతకు ముందటిది.

నెలకు 4000 దిర్హములు, లేక 3000 దిర్హములును బసయు గలవాడు భార్యాబిడ్డలను ఇచటికి రప్పించుకొనవచ్చును. నా కుమార్తె నా యొడిలో పెరిగినది. వాని జీతము అందులో సగమును లేదు. వాని కుమారుడు ఫోనులో పెరిగినాడు. జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 నుండి 3 గంటలదాక ఎండలో పని చేయింపరాదను మంచి నిబంధన కలదు. ఆ వేళ వాడు నీడను వెదకుచుండగా నేను ఏసీ చలికి శాలువ కప్పుకొందును. నవ్వకుడు, నిజమే.

మావంటి ఉద్యోగులము "చదువుకొనలేదు గనుక కష్టపడుచున్నారు" అని తేలికగా అనుచుందుము. నేనును అంటిని. అందు సగము అబద్ధము. లెక్కలు నాకు నేర్పినవాడు వాడే. పరీక్షల యేట వారి బావి యెండిపోగా తండ్రి వానిని బడి మాన్పించి కూలికి పంపెను. నా తండ్రి బడిపంతులు. వాన కురియకున్నను మా యింటికి నెలజీతము వచ్చెను. నా తెలివి ఆ యేడు నాకు చేసినదేమియు లేదు.

మొన్నటి సెలవునాడు వాడు మా యింటికి వచ్చి, సోఫా మాయునేమోయని అంచున కూర్చుండెను. చిన్ననాడు "ఒరే" అని పిలిచినవాడు నన్ను "సారు" అనెను. వలదని చెప్పవలసినది, చెప్పనైతిని. ఆ పిలుపు నా చెవికి ఇంపుగానుండెనని వ్రాయుటకు సిగ్గగుచున్నది.

వాని కుమారుడు వచ్చు యేడు పదవ తరగతి పరీక్షకు కూర్చుండును. ఫీజు నేను కట్టెదనంటిని. వాడు టీ గ్లాసు క్రిందబెట్టి, "అప్పు తీరినది సారూ, నేనే కట్టుకొందును" అనెను.