విమానాగ్ని – మాతృభాష

1976 అక్టోబరు 12వ తేదీన బొంబాయి శాంతాక్రూజ్ నుండి మద్రాసునకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్సు కారవెల్ విమానము ఇంజనులో మంటలు లేచి, వెనుకకు మరలి, రన్‌వే చేరకమునుపే కూలెను. అందలి 95 మందియు మరణించిరి. ఆకసమున సంభవించిన అట్టి యుపద్రవమున ప్రయాణికుడు చేయగలది లేదు. కాని విమానము నేలపై నుండగా మంటలు వ్యాపించినపుడు ప్రాణములు దక్కుట పెక్కుమారులు మానవప్రయత్నము మీదనే ఆధారపడియుండును.

1980 ఆగస్టు 19న రియాదులో సౌదియా విమానము క్షేమముగా నేలకు దిగియు, తలుపులు సకాలమున తెఱవబడనందున 301 మందియు హతులైరి. 1985 ఆగస్టు 22న మాంచెస్టరులో విమానము నేల విడువకమునుపే ఇంజను రగులగా 55 మంది మరణించిరి. వారిలో పెక్కుమందిని చంపినది మంట కాదు, విషపుపొగ. 2024 జనవరి 2న టోకియో హనేడాలో జపాను ఎయిర్‌లైన్సు విమానము మఱియొక విమానమును ఢీకొని భస్మమైనను, అందలి 379 మందియు బయటపడిరి. సిబ్బంది సూచనలను గ్రహించి, పెట్టెలను విడిచి, ప్రయాణికులు వరుసగా దిగుట అందుకు ముఖ్యకారణములలో నొకటి.

అగ్నిమాపక శకటము రన్‌వేపై ఏ చోటికైనను 3 నిమిషములలో చేరవలెనని అంతర్జాతీయ నియమము. 44కు మించి ఆసనములు గల విమానమునుండి సగము ద్వారములతోనే 90 సెకండ్లలో అందఱును వెలుపలికి రాగలరని నిరూపింపవలెనని మఱియొక నియమము. ఈ రెంటిని పోల్చిచూచినచో, తొలి రక్షణ లోపలివారి చేతిలోనే యున్నదని స్పష్టము.

ఇక మనవారి సంగతి. ముంబయిలోని కామాటిపురమునకు పేరిచ్చినది తెలుగునాటినుండి వచ్చిన కామాటి కూలీలే. ఆ పేట చాళ్లలోను, ధారావిలోను నేటికిని తెలుగు వినబడుచున్నది. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవు కూలీలకు ఆ నగరము చిరకాలము వాకిలియై యుండెను. వారిలో అనేకులకు అదియే మొదటి విమానయానము. హెచ్చరికలు సాధారణముగా హిందీలోను, ఇంగ్లీషులోను, అరబ్బీలోను వినిపింతురు. అర్థముకాని హెచ్చరిక హెచ్చరికయే కాదు.

పెట్టెను విడువుమని ఊరక చెప్పిన చాలదు. అప్పుచేసి సంపాదించిన వీసాయు, పాస్‌పోర్టును అందే యున్నప్పుడు ఏ కూలి దానిని విడుచును? వానిని చొక్కాజేబులో ఉంచుకొమ్మని ముందే చెప్పవలెను. నడుముపట్టీని విప్పు విధము, తన చోటినుండి ద్వారమువఱకు గల వరుసలను లెక్కించుకొనుట, పొగలో వంగి నడచుట – ఇవి స్వల్పకాలమున నేర్పదగినవే.

తఱచు విమానమెక్కు విద్యాధికులు హెచ్చరికలను వినక పత్రికలో మునుగుట కలదు. కూలి విన్నను, అతనికి తెలియదు. మంటలలో ఇరువురికిని ద్వారమొక్కటే. ఒకడు తడబడిన వెనుకనున్న వారందఱును చిక్కుకొందురు. కావున వలసకూలీలకు ప్రయాణపూర్వ శిక్షణ నిచ్చు ప్రభుత్వము అందులో ఈ పాఠమును తెలుగున చేర్పవలెను. మనవారు విశేషముగా పోవు విమానములలో సంస్థలు తెలుగు ప్రకటన వినిపింపవలెను. ఇది భాషాభిమానమునకై కోరుట కాదు, ప్రాణరక్షణకై కోరుట. ఇందుకగు వ్యయము అత్యల్పము. ఆలస్యమునకు హేతువు మాకు కానరాదు.